మూడు కత్తులు చూస్తే చాలు

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

వచ్చే నెల ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నావని, పని ముగిశాక రెండు రోజులు ఖాళీ ఉంటుందని మీ అమ్మ చెప్పింది. "అక్కడ కత్తుల మ్యూజియం చూస్తానంటున్నాడు వదినా, నువ్వు చాలాసార్లు వెళ్లావు కదా, వాడికి నాలుగు మాటలు చెప్పు" అంది. నాలుగు మాటలతో తేలే సంగతి కాదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను. విమానంలో తీరిగ్గా చదువుకో.

అసలు మాట ముందే చెప్పేస్తాను. అక్కడ ఎన్ని కత్తులు పెట్టినా నువ్వు మూడింటిని చూడు. గది అంతా ఒకసారి చుట్టి రా, నిన్ను ఆపిన మూడు కత్తులను ఎంచుకో, ఒక్కోదాని ముందు పావుగంట నిలబడు. మిగతావి చూడలేదే అని బాధపడకు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా మొదటిసారి సంగతి చెప్పాలి.

నీకు తెలుసు కదా, నేను లోహాలను పరీక్షించే ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఉక్కు ముక్కను కోసి, అద్దంలా మెరిసేదాకా నునుపు చేసి, దాని మీద పలచటి ఆమ్లం పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి లోపలి నిర్మాణం చూడటం నా పని. మీ మామయ్యకు జపాన్ బదిలీ అయినప్పుడు, ఆ దేశంలో నేను మొదట చూడాలనుకున్నది ఈ కత్తులనే. అప్పట్లో మ్యూజియం యొయోగి అనే చోట ఉండేది. ఎంతో ఆశతో వెళ్లాను. నలభై నిమిషాల్లో అన్నీ చూసేశాను. అన్నీ ఒకేలా కనిపించాయి. పొడవుగా, వంపుగా, తెల్లగా. ఉక్కుతోనే బతికిన దాన్ని, నాకే ఏమీ కనబడలేదన్న దిగులుతో తలుపు వైపు నడుస్తున్నాను.

అప్పుడు ఒక పెద్దాయన కనిపించాడు. ఎనభై ఏళ్లుంటాయి. ఒక కత్తి ముందు మోకాళ్లు వంచి, తల ఒక్క అంగుళం కిందికి, ఒక్క అంగుళం పైకి కదుపుతూ ఉన్నాడు. నేను లోపలికి వచ్చినప్పుడు కూడా ఆయన అదే కత్తి ముందు ఉన్నాడు. నేను చూస్తున్నానని గమనించి పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. పైనున్న దీపాన్ని వేలితో చూపించి, అరచేతిని నెమ్మదిగా కిందికి దించాడు. వంగమని అర్థమైంది. మోకాళ్లు వంచాను. కత్తి మీద పడిన దీపపు ప్రతిబింబం నాతో పాటు జారుతూ వాదర దగ్గరకు వచ్చింది. ఆ వెలుగు చారకు సరిగ్గా అంచున, అంతవరకూ ఉత్త తెలుపుగా కనిపించిన చోట, నల్లటి పలక మీద ముగ్గుపిండి చల్లినట్టు సన్నటి రవ్వలు మిలమిలా మెరిశాయి. తల అర అంగుళం కదిపితే మాయమయ్యాయి. మళ్లీ వెనక్కి వస్తే మళ్లీ వచ్చాయి.

ఇన్నేళ్లూ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద వెతికినది, అక్కడ మామూలు కంటికి కనబడింది. ఆ రోజు మ్యూజియం మూసేదాకా ఆ ఒక్క కత్తి ముందే ఉన్నాను.

కాబట్టి అల్లుడూ, అక్కడ కదపవలసింది కళ్లను కాదు, మోకాళ్లను. నిటారుగా నిలబడి చూసేవాళ్లకు ఆ గదిలో ఉక్కు కడ్డీలే కనిపిస్తాయి. ముందుగా కత్తి మీద దీపం ఎక్కడ ప్రతిఫలిస్తోందో పట్టుకో. తర్వాత నెమ్మదిగా వంగుతూ లేస్తూ ఆ వెలుగును వాదర మీదికి నడిపించు. నీ వెనుక ఎవరైనా ఉంటే వాళ్లకు దారివ్వు, వాళ్లు వెళ్లాక మళ్లీ రా. అద్దానికి ముక్కు ఆనించకు, ఊపిరి తగిలితే మసకబారుతుంది. నుదుటి జిడ్డు అంటితే తర్వాత వచ్చేవాళ్లకు ఆ కత్తి లేనట్టే.

ఇప్పుడు దారి చెబుతాను. ఆ మ్యూజియం 2018 జనవరిలో యొయోగి నుంచి సుమిదా నది తూర్పు ఒడ్డున ఉన్న రియోగోకుకు మారింది. జేఆర్ సోబు లైను రైలెక్కి రియోగోకు స్టేషనులో దిగు. అక్కడి నుంచి పది నిమిషాల్లోపు నడక. స్టేషను పక్కనే సుమో కుస్తీ పోటీలు జరిగే కొకుగికన్ భవనం ఉంటుంది. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో పదిహేను రోజుల చొప్పున అక్కడ పోటీలు జరుగుతాయి. ఆ రోజుల్లో వెళ్తే వీధిలో జనం ఎక్కువ. కానీ యుకాతా అనే నూలు అంగీ కట్టుకున్న మల్లులు చెక్క చెప్పులతో టకటకా నడిచి వెళ్తుంటే అదీ చూడదగ్గదే. మ్యూజియం భవనానికి రూపమిచ్చింది ఫుమిహికో మాకి అనే పేరుపొందిన వాస్తుశిల్పి. అది పాత యసుదా తోటలో ఉంది. ప్రదర్శన మూడో అంతస్తులో ఉంటుంది. వాళ్లు నేల అంతస్తునే ఒకటిగా లెక్కిస్తారు, తికమక పడకు.

సోమవారం సెలవు. ఒక ప్రదర్శన ముగిసి మరొకటి మొదలయ్యే మధ్య రోజుల్లో కూడా మూసేస్తారు. ఈ సంగతి తెలియక తలుపు దాకా వెళ్లి వెనుదిరిగేవాళ్లను చాలామందిని చూశాను. బయలుదేరే ముందు వాళ్ల వెబ్‌సైటులో తేదీలు చూసుకో. టికెట్టు వెయ్యి యెన్ల ప్రాంతంలో ఉంటుంది. వారం మధ్యలో, తలుపులు తీసే వేళకు వెళ్లు. మొదటి గంట గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోటోల విషయంలో ప్రదర్శనను బట్టి నియమం మారుతుంది, గోడ మీద గుర్తు చూసుకో. తీయనిచ్చినా ఫ్లాష్ వద్దు. ఫోటోలో ఆ రవ్వలు ఎలాగూ పడవు. దానికి బదులు ఒక పెన్సిలు, చిన్న పుస్తకం పట్టుకెళ్లు. పెన్ను వద్దు, మ్యూజియంలలో ఒప్పుకోరు. దగ్గరి వస్తువులను చూపే చిన్న ఒంటికంటి దుర్భిణి దొరికితే అదీ తీసుకెళ్లు. అక్కడ చాలామంది మెడలో వేసుకుని వస్తారు.

చూడటానికి ఒక వరుస ఉంది. మొదట నాలుగడుగుల దూరంలో నిలబడి ఆకారం చూడు. దగ్గరికి వెళ్లాక ఆకారం తెలియదు. వంపు ఎక్కడుంది? పిడి దగ్గరే బాగా వంగి, మొన వైపు సాగేసరికి దాదాపు తిన్నగా, సన్నగా అయిపోతే అది చాలా పాతది. పన్నెండో శతాబ్దం అటూ ఇటూ, గుర్రం మీద యుద్ధం చేసిన రోజులది. పద్నాలుగో శతాబ్దానికి కత్తులు భారీగా, పొడవాటి మొనలతో వచ్చాయి. 1661-1673 మధ్య కన్‌బున్ కాలం కత్తులు వంపు బాగా తగ్గి, కర్రలా తిన్నగా కనిపిస్తాయి. దేశంలో యుద్ధాలు ఆగిపోయి, కత్తిసాము శిక్షణశాలల్లో సాగుతున్న కాలం అది. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వంపు ఎక్కడ ఎక్కువో కంటితో పట్టుకుంటే చాలు, కాలం అదే చెబుతుంది.

ఆ దూరం నుంచే మరొకటి గమనించు. కొన్ని కత్తులను వాదర కిందికి ఉండేలా, కొన్నింటిని పైకి ఉండేలా పెడతారు. ఎవరో తారుమారు చేశారనుకోకు. వాదర కిందికి ఉంటే అది 'తాచి', నడుముకు వేలాడదీసుకునేది. పైకి ఉంటే అది 'కతానా', నడికట్టులో దోపుకునేది. ధరించిన తీరులోనే పెట్టి చూపిస్తారు. వాళ్ల కొలతలో రెండు 'షాకు'లకు, అంటే సుమారు 60.6 సెంటీమీటర్లకు మించితేనే కతానా. అంతకన్నా పొట్టివి వకిజాషి, ఒక్క షాకు లోపువి తాంతో.

తర్వాత దగ్గరికి వెళ్లి వాదరకూ వెన్నుకూ మధ్యనున్న మైదానం చూడు. నునుపైన లోహం అనిపిస్తుంది. వెలుగు సరిగ్గా పడితే అందులో చెక్క మీద ఉన్నట్టు నార కనిపిస్తుంది. మన పాత ఇంటి టేకు తలుపు గుర్తుందా? నిలువు పలకల్లో తిన్నటి గీతలు, అడ్డంగా కోసిన చోట సుడులు. అచ్చంగా అలాగే. జపనీయులు కూడా ఆ నారకు చెక్క పేర్లే పెట్టుకున్నారు. పలక నారలాంటిది 'ఇతామె', తిన్నటి నార 'మసామె'. కొలిమిలో కాల్చిన ఉక్కును సమ్మెటతో సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొట్టి చేసిన మడతల ఆనవాలు అది.

ఈ మడతల గురించి చాలా కట్టుకథలున్నాయి. వేల పొరలుంటాయి కాబట్టి తుపాకీ గొట్టాన్ని కూడా కోస్తుందని చెప్పేవాళ్లు నీకూ తగులుతారు, నమ్మకు. పదిహేను సార్లు మడిస్తే లెక్కకు 32,768 పొరలు వస్తాయి, అది నిజమే. కానీ మడిచేది పొరల కోసం కాదు. ముడి ఉక్కులో చిట్టెం ఉంటుంది, కార్బన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. మడిచి కొడుతుంటే చిట్టెం బయటికి పోతుంది, కార్బన్ అంతటా సమంగా సర్దుకుంటుంది. పిండిని మళ్లీ మళ్లీ మర్దించడం ఎందుకో తెలిసిన ఇల్లాలికి ఇది కొత్త సంగతేమీ కాదు.

ఇక వాదర. అక్కడే ఎక్కువసేపు ఉండు. కత్తి పొడుగునా వాదరను ఆనుకుని ఒక తెల్లటి అల కనిపిస్తుంది. దాని పేరు 'హమోన్'. అది గీసిన బొమ్మ కాదు, పూసిన రంగు కాదు. కమ్మరి కత్తిని సాగగొట్టడం పూర్తయ్యాక దాని మీద బంకమట్టి, బొగ్గు పొడి, రాతి పొడి కలిపిన మిశ్రమం పూస్తాడు. వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా. తర్వాత కొలిమిశాలలో దీపాలు ఆర్పేస్తాడు. ఉక్కు రంగును బట్టే వేడిని అంచనా వేయాలి, వెలుతురుంటే కన్ను మోసపోతుంది. ఎర్రగా కాగిన కత్తిని ఒక్కసారిగా నీళ్లలో ముంచుతాడు. పలచటి మట్టి ఉన్న వాదర చటుక్కున చల్లారుతుంది. అంత వేగంగా చల్లారితే లోపలి కార్బన్‌కు కదిలే వ్యవధి ఉండదు, ఇనుము అల్లికలో అలాగే ఇరుక్కుపోతుంది. మా భాషలో అది మార్టెన్‌సైట్, ఉక్కులో అతి గట్టి రూపం. మందపు మట్టి చాటునున్న వెన్ను నిదానంగా చల్లారి మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. ఆ రెంటికీ సరిహద్దే నీకు కనిపించే అల.

ఇంకో సంగతి. గట్టిపడిన ఉక్కు కాస్త వ్యాకోచిస్తుంది. వాదర పెరుగుతుంది, వెన్ను పెరగదు. అందుకని కత్తి వెన్ను వైపుకు వంగుతుంది. కమ్మరి ముందే కొద్దిగా వంపు ఇస్తాడు, మిగతా వంపు నీళ్లలో పుడుతుంది. ఆ ఒక్క క్షణంలో వాదర చిట్లితే నెలల శ్రమ పోయినట్టే. నేను ప్రయోగశాలలో నీరు పెట్టిన ఉక్కు ముక్కలు కొన్ని వేలు చూసి ఉంటాను. ఆ వంపును తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సరిహద్దులో రెండు రకాల మెరుపు ఉంటుంది. విడివిడిగా రవ్వలుగా కనిపించేది 'నియె'. రవ్వలు కలిసిపోయి తెల్లవారుజామున చెరువు మీద పొగమంచులా కనిపించేది 'నియోయి'. మసమునె అనే పేరుమోసిన కమ్మరి పేరుతో చెప్పే సోషు సంప్రదాయపు కత్తుల్లో మొదటిది ప్రధానం, బిజెన్ ప్రాంతపు కత్తుల్లో రెండోది. బిజెన్ కత్తుల అల చూడు, లవంగ మొగ్గలు వరుసగా పేర్చినట్టుంటుంది. వాళ్లు దాన్ని 'చోజి' అంటారు. చోజి అంటే లవంగమే. కత్తి తుప్పు పట్టకుండా పూసే నూనెకూ ఆ పేరే, అందులోనూ లవంగ నూనె కలుస్తుంది. మన పోపులపెట్టెలోని లవంగం ఆ కత్తి అలలోనూ ఉంది, ఒంటి మీది నూనెలోనూ ఉంది.

ఒక జాగ్రత్త. వాదర వెంట బాగా తెల్లగా కనిపించే పట్టీ అంతా హమోన్ అనుకోకు. సానపెట్టేవాడు చివర్లో సన్నటి రాయి పలుకును బొటనవేలి కింద ఉంచుకుని, అల వెంట రుద్ది తెల్లబరుస్తాడు. అది కంటికి దారి చూపడానికి చేసిన పని. అసలైన సరిహద్దు ఆ తెలుపు లోపల ఉంటుంది, వెలుగు అంచున మాత్రమే బయటపడుతుంది. సానవాడి పేరు పక్కన రాయరు, కానీ ఆ గదిలో నువ్వు చూసేదంతా అతను చూపించినదే. ముతక రాయితో మొదలుపెట్టి, ఒక్కో రాయి గీతలను తర్వాతి రాయితో చెరిపేస్తూ పోతాడు. నేను ఆమ్లంతో చేసిన పనిని అతను రాళ్లతో చేస్తాడు.

చివరగా కాడ చూడు. పిడి లోపల దాగి ఉండే భాగాన్ని 'నకాగో' అంటారు. కత్తి ఒళ్లంతా తళతళలాడుతుంటే అది మాత్రం నల్లగా తుప్పు పట్టి ఉంటుంది. శుభ్రం చేయడం మరిచిపోయారనుకోకు. ఆ తుప్పును ఎవరూ ముట్టుకోరు. దాని రంగును బట్టే కత్తి వయసు అంచనా వేస్తారు, గీకితే విలువంతా పోతుంది. కమ్మరి సంతకం చెక్కేది అక్కడే. ఉలి దెబ్బలు స్పష్టంగా కనబడతాయి, ఒక్కో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి మనిషి చెయ్యి అది.

చాలా గొప్ప కత్తుల పక్కన 'ముమెయి' అని ఉంటుంది, అంటే సంతకం లేనిదని. ఎందుకు లేదంటే, గుర్రాల మీది యుద్ధాలు తగ్గాక పొడవాటి పాత కత్తులను నడుములో దోపుకోవడానికి వీలుగా కాడ వైపు నుంచి కోసి పొట్టి చేశారు. ఆ కోతలో సంతకాలు పోయాయి. ఒక్కోసారి కాడ మీద రెండు మూడు చిల్లులు కనిపిస్తాయి. పిడిని బిగించే మేకు కోసం వేసినవి, పొట్టి చేసిన ప్రతిసారీ కొత్తది పడింది. సంతకం పోయిన కత్తి ఎవరి చేతిదో పోల్చి చెప్పే పనిని హొనామి అనే కుటుంబం తరతరాలుగా చేసింది. ఉక్కు నారను, అలను చూసి పేరు చెప్పేవారు. ఒక్కోసారి ఆ తీర్పును కాడ మీద బంగారంతో పొదిగేవారు. బంగారు అక్షరాలు కనిపిస్తే అది కమ్మరి రాసుకున్నది కాదని గుర్తుంచుకో.

ఈ కత్తులు మనుషులను చంపడానికి చేసినవి. అది మరిచిపోమని నేను చెప్పను. ఆ అందమంతా ఆ పని కోసం పుట్టిందే. కానీ అక్కడ నిలబడి ఇది ఎన్ని తలలు తీసిందో అని లెక్కలేసుకుంటే చేసినవాడి పని కనబడదు. తోడు వచ్చినవాళ్లు ఆ మాటలు మొదలుపెడితే తోటలోకి వెళ్లాక మాట్లాడుకుందామని చెప్పు. కత్తి ఎదుట మాట్లాడకపోవడం అక్కడ మర్యాద. పూర్వం దానికి కారణమూ ఉంది, నోటి తడి తగిలితే చాలు, ఉక్కు మీద తుప్పు మచ్చ పడుతుంది. ఎప్పుడైనా కత్తిని చేత్తో పట్టుకుని చూసే అభ్యాస సమావేశానికి నిన్ను ఎవరైనా తీసుకెళ్తే ఉంగరాలు, గడియారం తీసేయ్. కత్తికి తలవంచి నమస్కరించి తీసుకో, ఒంటి మీద వేలు పడనివ్వకు.

ఆ మ్యూజియం ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. తెలిస్తే నువ్వు అక్కడ నిలబడే తీరు మారుతుంది. 1876లోనే మామూలు మనిషి కత్తి ధరించి తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. కమ్మరులకు పని పోయింది. తర్వాత 1945లో యుద్ధంలో ఓడాక, ఆయుధాలన్నీ అప్పగించమని ఆక్రమణ సైన్యం ఆజ్ఞాపించింది. ఇంట్లో తాతల నాటి కత్తి ఉన్నవాళ్లంతా తెచ్చి ఇచ్చారు. లక్షల కత్తులు కరిగిపోయాయి, సముద్రం పాలయ్యాయి, సైనికుల సంచుల్లో దేశం దాటాయి. ఒకప్పుడు దేశాన్నేలిన తొకుగావా వంశం కాపాడుకుంటూ వచ్చిన హొంజో మసమునె అనే కత్తిని ఆ రోజుల్లో అప్పగించారు, మళ్లీ ఎవరికీ కనబడలేదు. అప్పుడు హొమ్మా జుంజి, సాతో కన్‌ఇచి అనే ఇద్దరు పండితులు, కళాఖండాలైన కత్తులను ఆయుధాల కుప్పలో కలపవద్దని అధికారులకు నచ్చజెప్పారు. అకబానె అనే చోట పోగుపడిన రాశిలోంచి వేలకొద్దీ కత్తులను ఏరి పక్కన పెట్టారు. ఆ ప్రయత్నంలోంచే 1948లో జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం పుట్టింది. నువ్వు వెళ్లే మ్యూజియం ఆ సంఘానిదే.

వాళ్లు అక్కడితో ఆగలేదు. కత్తులు చేయాలంటే పాత పద్ధతి ఉక్కు కావాలి, దాన్ని చేసే కొలుములు చల్లారిపోయాయి. 1977లో ఆ సంఘమే షిమానె ప్రాంతంలోని ఒకుయిజుమోలో మట్టి కొలిమిని మళ్లీ వెలిగించింది. చలికాలంలో మూడు పగళ్లు, మూడు రాత్రులు ఆపకుండా ఊదుతారు. సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే చివరకు రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది. అందులో కత్తికి పనికొచ్చే మేలైన ఉక్కు ఒక్క టన్నుకు లోపే. దాన్ని 'తమహగానె' అంటారు, అంటే మణి ఉక్కు. ఈ రోజుకీ దేశంలోని కమ్మరులకు అది అక్కడి నుంచే పంచుతారు. కమ్మరి కావాలంటే ఐదేళ్లు గురువు దగ్గర పని నేర్చుకోవాలి. ఆ తర్వాత కూడా నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఇది చదివినప్పుడల్లా నాకు కోనసముద్రం గుర్తొస్తుంది. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మన కమ్మరులు మూసలో కరిగించి ఉక్కు తీసేవారు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులని లోకం చెప్పుకునే వాటి మీది నీటి అలల్లాంటి గీతలు ఆ జాతి ఉక్కువే. అవి మడతల వల్ల వచ్చినవి కావు, మూసలో నిదానంగా చల్లారేటప్పుడు ఉక్కు తనంతట తానే పేర్చుకున్నవి. ఆ కొలుములు పంతొమ్మిదో శతాబ్దం గడిచేసరికి చల్లారాయి. మనకు ఒక హొమ్మా, ఒక సాతో దొరకలేదు. వీలైతే బయలుదేరే ముందు ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడు. పిడి మీది బంగారం పని వదిలేసి, కత్తి ఒంటి మీద కాసేపు కన్ను నిలుపు. ఆ కన్నుతో టోక్యో వెళ్తే రెండు దారులూ తెలుస్తాయి.

రెండో రోజు కూడా ఖాళీ ఉంటే ఉఎనోలోని టోక్యో జాతీయ మ్యూజియానికి వెళ్లు. ప్రధాన భవనంలో కత్తులకు ఒక గది ఉంది. మికజుకి మునెచిక, దోజిగిరి యసుత్సున అనే అతి పేరున్న కత్తులు ఆ మ్యూజియం సొత్తే. మొదటిదానికి ఆ పేరు దాని వాదర వెంట నెలవంకల్లాంటి గుర్తులుండటం వల్ల వచ్చింది. వాటిని అన్ని రోజుల్లోనూ ప్రదర్శనకు పెట్టరు, నువ్వెళ్లినప్పుడు ఉంటే నీ అదృష్టం. రెండు మ్యూజియాలూ ఒకే రోజు పెట్టుకోకు. ఒక పూటకు మించి కన్ను ఆ పని చేయలేదు, అలసిన కన్నుకు అన్నీ మళ్లీ తెల్లటి కడ్డీలే.

ఇంకోసారి ఎప్పుడైనా ఒకయామా వైపు వెళ్తే ఒసఫునె ఊరు చూడు. బిజెన్ కమ్మరుల సొంత గడ్డ అది. అక్కడి మ్యూజియం ఆవరణలోనే కమ్మరి, సానవాడు, ఒర చేసేవాడు పని చేస్తూ కనబడతారు. ఆ ఊరున్న సెతోఉచి అనే చిన్న పట్టణం, తమ గడ్డ మీద పుట్టిన 'సంచోమో' అనే జాతీయ నిధి కత్తిని 2020లో సుమారు 50 కోట్ల యెన్లు పోగుచేసి కొనుక్కుంది. దేశం నలుమూలల నుంచి మామూలు మనుషులు విరాళాలు పంపారు. సంచోమో అంటే అడవిపక్షి ఈక. దాని అల చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అడగనక్కర్లేదు.

కొనే ఆలోచన పెట్టుకోకు. అసలైన కత్తికి అక్కడ నమోదు పత్రం ఉంటుంది, దేశం దాటించాలంటే వాళ్ల సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి, ఇక్కడ మన ఆయుధాల చట్టం, కస్టమ్స్ వాళ్లు. బొమ్మ కత్తి కొన్నా విమానాశ్రయంలో చిక్కే. ప్రదర్శన పుస్తకం ఒకటి కొనుక్కో. భాష రాకపోయినా బొమ్మలుంటాయి.

బయటికి వచ్చాక వెంటనే స్టేషనుకు పరుగెత్తకు. తోటలో చెరువు చుట్టూ ఒకసారి నడువు, కళ్లకు ఆ పచ్చదనం అవసరం. ఒకప్పుడు సుమిదా నది ఆటుపోట్లతో పాటు ఆ చెరువు నీళ్లు కూడా పెరిగి తగ్గేవట. అక్కడ బల్ల మీద కూర్చుని, నువ్వు ఎంచుకున్న మూడు కత్తుల్లో ఒకదాని అలను పెన్సిలుతో గీయి. జపనీయులు కూడా కత్తిని అలాగే దాచుకుంటారు. పలచటి కాగితం మీద కత్తి రూపు, కాడ మీది సంతకం అద్ది తీసి, వాదర మీది అలను చేత్తో గీసుకుంటారు. దాన్ని 'ఒషిగత' అంటారు. నీ బొమ్మ బాగా రాకపోయినా ఏం లేదు. ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది, మొన దగ్గర ఎలా తిరిగింది, ఆ మూడూ ఉంటే చాలు. ఫోటో తీసి నాకు పంపు. అది ఏ సంప్రదాయానిదో చెప్పగలనేమో చూస్తాను.

చలి ఇంకా ఉంటుంది, శాలువా మరిచిపోకు.

మీ అత్త